మిరియానికి మర, ఉప్పుకు జాడీ: డెల్టా వంటింట్లో తేమ లెక్క

పెద్ద ఊళ్ళ సూపర్ మార్కెట్లలోనూ ఆన్‌లైన్ దుకాణాల్లోనూ ఉప్పు గ్రైండరు, మిరియాల గ్రైండరు ఒకే పెట్టెలో జంటగా అమ్ముడవుతున్నాయి. రెండింటిదీ ఒకే ఎత్తు, ఒకే ఆకారం. లోపల ఉన్నది ఏదో తెలియడానికి ఒకదానికి తెల్ల గుర్తు, మరొకదానికి నల్ల గుర్తు. గృహప్రవేశాలకు కానుకగా వచ్చేవీ వీటిలో ఉన్నాయి. కాకినాడ నుంచి నరసాపురం దాకా గోదావరి డెల్టా ఇళ్ళలో మాత్రం ఈ జంట ఎక్కువ కాలం సవ్యంగా సాగదు. తొలి వానాకాలం గడిచేసరికి ఉప్పు గ్రైండరు తిరగనని మొరాయిస్తుంది. మిరియాల గ్రైండరు నుంచి పొడికి బదులు ముద్ద రాలుతుంది. సరుకు నాసిరకమా, వాడకంలో పొరపాటా, లేక ఇక్కడి గాలే అంతా అన్న సందేహం కొన్నవారికి సహజంగానే కలుగుతుంది. మూడింటికీ ఇందులో పాత్ర ఉన్నా, మూలకారణం అసలు ఆ రెండు వస్తువులనూ ఒకే పద్ధతికి కట్టివేయడంలో ఉంది.

సారాంశం

ఉప్పుకు నీటితో పేచీ. నూరినా నూరకపోయినా దాని రుచి మారదు. మిరియానికి గాలితో, వెలుతురుతో పేచీ. నూరిన క్షణం నుంచే దాని వాసన తరగడం మొదలవుతుంది. అందుచేత డబ్బు పెట్టవలసింది మిరియాల గ్రైండరు లోపలి పళ్ళ మీద. ఉప్పుకు కావలసినవి బిగువైన మూత ఉన్న పింగాణీ జాడీ లేదా గాజు సీసా, ఒక పొడి చెంచా. మిరియాన్ని చారుకు మాత్రమే వాడే ఇంటికి గ్రైండరే అక్కరలేదు.

75 శాతం గీత

ఉప్పులో ప్రధాన పదార్థమైన సోడియం క్లోరైడుకు ఒక హద్దు ఉంది. చుట్టూ ఉన్న గాలిలో తేమ, అంటే సాపేక్ష ఆర్ద్రత, సుమారు 75 శాతానికి లోపల ఉన్నంతసేపు శుద్ధమైన ఉప్పు స్ఫటికం పొడిగానే ఉంటుంది. ఆ గీత దాటగానే గాలిలోని ఆవిరిని తన మీదికి లాక్కుని, ఒంటి చుట్టూ పలుచని ఉప్పునీటి పొర కట్టుకుని, క్రమంగా అందులోనే కరగడం మొదలుపెడుతుంది. ఈ హద్దు ఎండకూ చలికీ పెద్దగా జరగదు. పది డిగ్రీల వద్దా, నలభై డిగ్రీల వద్దా అది 75కు అటూఇటూగానే నిలుస్తుంది. ఎంత స్థిరమైనదంటే, తేమను కొలిచే పరికరాలు సరిగా చూపుతున్నాయో లేదో తేల్చుకోవడానికి తడి ఉప్పు ఉంచి మూసిన డబ్బానే కొలబద్దగా వాడతారు.

డెల్టా గాలి ఈ గీతకు ఎంత దగ్గరలో ఉంటుందో చూస్తే సమస్య తేటపడుతుంది. ఒకపక్క బంగాళాఖాతం ఉంది. 19వ శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఊరూరికీ పాకిన కాలువలు, వాటి కింద నెలల తరబడి నీరు నిలిచే వరి చేలు, భీమవరం చుట్టుపక్కల కనుచూపు మేర చేపల చెరువులు, రొయ్యల చెరువులు మరోపక్క ఉన్నాయి. వానాకాలంలోనూ, ఆ తర్వాత తుపానుల రోజుల్లోనూ తెల్లవారుజామున గాలిలో తేమ 80 శాతం దాటడం ఇక్కడ మామూలు సంగతి. అదే మధ్యాహ్నం ఎండ కాస్తే 75 కిందికి దిగుతుంది. అంటే ఉప్పుకున్న హద్దును ఇక్కడి గాలి అనేక రోజుల్లో రెండేసి సార్లు, రాత్రి ఎక్కుతూ ఒకసారి, పగలు దిగుతూ ఒకసారి, దాటుతుంది. అనంతపురంలో నెలల తరబడి గలగలలాడే ఉప్పు అమలాపురంలో రెండు రోజులకే చెమర్చడంలో వింత లేదు.

బయటి గాలి ఒక ఎత్తు, వంటిల్లు మరొక ఎత్తు. అన్నం వార్చేటప్పుడు, పులుసు మరిగేటప్పుడు లేచే ఆవిరి కంటికి కనబడుతుంది. గ్యాసు మండినప్పుడు పుట్టే ఆవిరి కనబడదు. వంటగ్యాసు ఒక కిలో మండితే సుమారు ఒకటిన్నర కిలోలకు పైగా నీరు ఆవిరిగా వెలువడుతుంది. ఆ లెక్కన 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి దాదాపు 22 లీటర్ల నీరు వంటింటి గాలిలో కలిసిందన్నమాట. పొయ్యి పక్కనే, చేతికందేలా పెట్టుకునే ఉప్పు డబ్బా ఈ ఆవిరికి అన్నింటికంటే దగ్గరలో ఉంటుంది. సౌకర్యం కోసం ఎంచుకున్న ఆ చోటే ఉప్పుకు చేటు.

తడవడం వేరు, గడ్డకట్టడం వేరు

తేమ ఎక్కువైతే ఉప్పు గడ్డకడుతుందని చెప్పుకోవడం పరిపాటి. వాస్తవంలో జరిగేది అంతకంటే కొంచెం మెలికగా ఉంటుంది. ఎప్పుడూ తడిగానే ఉండే ఉప్పు నీరు కారుతుంది తప్ప రాయిలా గట్టిపడదు. రాత్రి తేమకు గింజల అంచులు కరిగి, పక్కపక్క గింజల నడుమ ఉప్పునీరు చేరుతుంది. మధ్యాహ్నం గాలి ఆరగానే ఆ నీరు ఆవిరై, అందులో కరిగిన ఉప్పు అక్కడే మళ్ళీ స్ఫటికంగా మారి రెండు గింజలను అతికించే చిన్న వంతెన అవుతుంది. మర్నాటి రాత్రి, మర్నాటి పగలు ఇదే తంతు. ఒక్కో విడతకూ వంతెనలు లావెక్కుతాయి. పదిహేను రోజుల తరువాత డబ్బా బోర్లించినా రాలని గడ్డ ఇలా తయారవుతుంది. సన్న ఉప్పులో గింజలు చిన్నవి, ఒకదానికొకటి ఆనే చోట్లు ఎక్కువ, కాబట్టి వంతెనలూ ఎక్కువే. కల్లుప్పులో ఆ చోట్లు తక్కువ. అందుకే కల్లుప్పు చెమ్మగిల్లినా చేత్తో నలిపితే విడిపోతుంది.

ఇక్కడ కల్లుప్పుకు ఒక బలహీనతా ఉంది. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడు ఒక్కటే ఉండదు. మెగ్నీషియం లవణాలూ ఉంటాయి. మెగ్నీషియం క్లోరైడు గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, నీటిని లాగడం మొదలుపెడుతుంది. కోస్తా గాలిలో 33 కంటే తక్కువ తేమ ఉండే గంటలు ఏడాది మొత్తం మీద చాలా కొద్ది. ఉప్పు మడిలో స్ఫటికాలు దిగిన తరువాత మిగిలే చేదునీటిని పూర్తిగా తీసివేయకపోతే ఈ మెగ్నీషియం ఉప్పుకు అంటుకునే వస్తుంది. చవకగా దొరికే కల్లుప్పు బస్తా ఎండాకాలంలో కూడా అడుగున తడిగా ఉండటానికి, నాలుకకు చిరుచేదు తగలడానికి అదే కారణం. నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పు కొఠార్లలో రాశులుగా పోసి తాటాకు కప్పి కొంతకాలం ఉంచడం వల్ల ఆ చేదునీరు మెల్లగా కిందికి ఓడిపోతుంది. పాత ఉప్పు మంచిదన్న మాటకు ఆధారం ఇందులో దొరుకుతుంది. ఇంట్లో చేయగలిగినదీ ఇలాంటిదే. కొత్త కల్లుప్పును గుడ్డలోనో చిల్లుల గిన్నెలోనో వేసి ఒక రాత్రి ఓడ్చి, ఆపైన ఎండలో ఆరబెడితే సగం బెడద తీరుతుంది. ఆవకాయ రోజుల్లో ఉప్పును ఎండబెట్టి దంచే అలవాటు వెనుక ఉన్నదీ ఈ జాగ్రత్తే. ఉప్పుతో పాటు వచ్చిన నీరు ఊరగాయలో చేరితే బూజుకు దారి దొరుకుతుంది.

ప్యాకెట్లో వచ్చే సన్న ఉప్పు ఎక్కువ శుద్ధమైనది. దానికి తోడు గడ్డకట్టకుండా సిలికా, మెగ్నీషియం కార్బొనేటు, పొటాషియం ఫెర్రోసయనైడు వంటి పదార్థాలను అత్యల్ప పరిమాణంలో కలుపుతారు. చివరి పేరులో వినబడే సయనైడు గురించి అప్పుడప్పుడూ భయాలు ప్రచారమవుతుంటాయి. ఆ పదార్థంలో సయనైడు ఇనుముతో గట్టిగా బంధించి ఉంటుంది, వంట వేడికి విడిపోదు, వాడే మోతాదుకు చట్టం హద్దు పెట్టింది. ఏ పదార్థం కలిపినా అది వంతెనలు కట్టడాన్ని ఆలస్యం చేస్తుందే కాని 75 శాతం గీతను మార్చలేదు. ప్యాకెట్ విప్పిన మరుక్షణం నుంచి ఆ ఉప్పూ డెల్టా గాలికి లోబడి ఉండవలసిందే.

డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసే చిట్కా కొంతవరకు పనిచేస్తుంది. బియ్యం కొద్దిపాటి తేమను పీల్చుకుంటాయి, డబ్బా కదిపినప్పుడల్లా ఉప్పు ఉండలను చిదుపుతాయి. మామూలు బియ్యంలో అప్పటికే పన్నెండు పదమూడు శాతం నీరు ఉంటుంది కాబట్టి, వట్టి మూకుడులో వేయించి చల్లార్చి వేస్తేనే వాటికి పీల్చే శక్తి ఉంటుంది. నెలకొకసారి మార్చకపోతే ఆ శక్తీ తీరిపోతుంది. మూత సరిగా లేని డబ్బాలో ఎన్ని గింజలు వేసినా బంగాళాఖాతంతో పోటీపడలేవు.

జాడీ, సీసా, స్టీలు డబ్బా

ఐరోపా వంటిళ్ళలో వెడల్పు నోటి మట్టిపాత్రలో, మూత లేకుండా, ఉప్పు ఉంచుకునే ఆచారం ఉంది. చలిదేశాల్లో ఇంటిని వెచ్చబెట్టుకున్నప్పుడు లోపలి గాలి పొడిబారుతుంది, ఆ పాత్ర అక్కడ చక్కగా నడుస్తుంది. అదే పాత్రను బొమ్మల్లో చూసి తెప్పించుకుని రాజమహేంద్రవరంలో వాడితే ఆగస్టుకల్లా అడుగున ఉప్పునీరు నిలుస్తుంది. తాపడం లేని మట్టికుండలకు మరో చిక్కు ఉంది. ఉప్పునీరు మట్టి రంధ్రాల గుండా బయటికి పాకి, అక్కడ ఆరి స్ఫటికమై, కుండ పైపొరను పెళ్ళలు పెళ్ళలుగా ఊడదీస్తుంది. ఉప్పు కుండ కొన్నేళ్ళకు తనంత తానే విచ్చిపోవడానికి ఈ లోపలి ఒత్తిడే కారణం.

లోపలా బయటా తాపడం పెట్టిన పింగాణీ జాడీకి ఈ చిక్కు లేదు. ఊరగాయకు తగినదే ఉప్పుకూ తగినది. ఉప్పు దాని గోడను తినలేదు, తేమ దాని గోడ గుండా రాలేదు. జాడీలో బలహీనమైన చోటు మూత. చాలా జాడీల మూతలు వదులుగా కూర్చుంటాయి. ఊరగాయ జాడీకి కట్టినట్టు వాసెన (మూతి మీద బిగించే గుడ్డ) కడితే గాని అది పూర్తి రక్షణ కాదు. రోజూ తెరిచే ఉప్పుకు వాసెన కట్టడం జరిగే పని కాదు. కనుక నిలవ ఉప్పును జాడీలో వాసెన కట్టి, లేదా రబ్బరు చుట్టు ఉన్న గాజు సీసాలో పోసి అటక మీదో అలమరలోనో ఉంచి, రోజువారీ వాడకానికి చిన్న పాత్రను వేరుగా పెట్టుకోవడం మేలు.

ఆ చిన్న పాత్ర ఎంత ఉండాలన్నదానికి ఒక లెక్క ఉంది. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పుతో సరిపెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ పరిమితి పాటించే నలుగురి ఇంట్లో వారానికి 140 గ్రాములు చాలు. కాబట్టి 150 గ్రాములు పట్టే సీసాను వారానికొకసారి నింపుకుంటే, ఎన్నిసార్లు మూత తీసినా చెమ్మ తగిలేది ఆ కొద్దిపాటి ఉప్పుకే. ఖాళీ అయ్యాక కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ నింపితే పాత గడ్డ కొత్త ఉప్పుకు అంటుకోదు. ఈ లెక్కకు మరో ఉపయోగమూ లేకపోలేదు. వారం తిరక్కుండానే సీసా ఖాళీ అవుతుంటే ఆ ఇంట్లో ఉప్పు వాడకం ఎంతో కూడా బయటపడుతుంది. డెల్టాలో చాలా ఇళ్ళలో ఊరగాయ, వడియాలు, ఎండుచేపల ద్వారా చేరే ఉప్పు ఈ సీసా లెక్కలోకి రాదు. అది వేరే పద్దు.

స్టీలు డబ్బా విషయంలో ఒక అపోహ ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు సులభంగా తుప్పు పట్టదన్నది నిజమే కాని, ఉప్పులోని క్లోరైడు దాని పైనున్న రక్షణ పొరను చోటుచోట్ల తూట్లు పొడుస్తుంది. తడి ఉప్పు ఎక్కువ రోజులు నిలిచిన స్టీలు డబ్బా అడుగున సూదిమొనంత గోధుమరంగు మచ్చలు కనబడటం అందువల్లనే. అల్యూమినియం ఇంకా త్వరగా పాడవుతుంది. ఉప్పులో వదిలేసే చెంచాకూ ఇదే వర్తిస్తుంది. లోహపు చెంచా కంటే కర్రదో, కోనసీమలో కొదవ లేని కొబ్బరి చిప్పదో నయం. తడి చేత్తో ఉప్పు తీయడం వల్ల కలిగే నష్టం ఈ పాత్రల తేడాలన్నింటికంటే పెద్దది.

అయోడిన్ మాట

నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేస్తూ వచ్చిన నిబంధన 2006 మే నుంచి దేశమంతటా అమలులో ఉంది. వాడేవారి చేతికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం (పది లక్షల భాగాలకు 15 భాగాలు) అయోడిన్ ఉండాలి. మన దేశంలో ఇందుకు పొటాషియం అయొడేటును కలుపుతారు. తేమ, వేడి ఉన్న దేశాలలో అయొడైడు అనే మరో రూపం కంటే అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. నిలుస్తుందంటే అసలే తరగదని కాదు. ఉప్పు తడిసి నీరు అడుగుకు జారినప్పుడు అయొడేటు కూడా ఆ నీటితో కిందికి దిగుతుంది. చిల్లుల సంచిలో, గుడ్డలో ఉంటే బయటికే పోతుంది. పొయ్యి పక్కన వేడికీ, కిటికీ దగ్గర ఎండకూ నష్టం పెరుగుతుంది. పైన చెప్పిన రెండు పాత్రల పద్ధతి వల్ల ఉప్పు గడ్డకట్టకపోవడమే కాక ఈ నష్టమూ తగ్గుతుంది. కల్లుప్పును ఒక రాత్రి ఓడ్చి ఎండబెడితే మాత్రం అందులో కలిపిన అయోడిన్‌లో కొంత పోతుందని గుర్తుంచుకోవాలి. ఆ పని ఊరగాయ ఉప్పుకు పరిమితం చేసి, రోజువారీ వంటకు అయోడిన్ ఉప్పును అలాగే వాడటం మధ్యేమార్గం.

మిరియం నూరాక ఏమవుతుంది

మిరియం సంగతి ఇందుకు తలకిందులు. పోర్చుగీసువారి వెంట మిరపకాయ రాకముందు తెలుగువారి వంటకు కారం ఇచ్చినది ప్రధానంగా మిరియమే. మిరపకాయ పేరులోనే మిరియం దాగి ఉంది. ఆ కారానికి మూలం పైపరిన్ అనే పదార్థం. అది ఆవిరి కాదు. వాసనకు మూలమైన తైలాలు మాత్రం ఇట్టే ఆవిరవుతాయి. గింజ నిండుగా ఉన్నంతకాలం ఆ తైలాలు లోపలి చిన్న చిన్న అరలలో భద్రంగా ఉంటాయి. నూరగానే అరలు పగిలి, గాలి సోకే ఉపరితలం అనేక రెట్లు పెరిగి, తైలం ఎగిరిపోతుంది. నెలల క్రితం మర పట్టించిన మిరియాల పొడిలో నాలుకను చురుక్కుమనిపించే గుణం మిగులుతుంది కాని ముక్కుకు అందే గుణం పోతుంది. వెలుతురులో ఉంచిన పొడిలో పైపరిన్ అణువు ఆకారం మారి ఆ చురుకూ మందగిస్తుంది. పారదర్శకమైన గ్రైండరులో నింపిన గింజలను కిటికీ దగ్గర అందంగా అమర్చడం ఈ కారణం చేత సరికాదు.

ఉప్పుకు ఇలాంటి తైలమేదీ లేదు. అప్పుడే నూరిన ఉప్పుకూ, ఆరు నెలల క్రితం నూరిన ఉప్పుకూ రుచిలో తేడా ఉండదు. గింజ పరిమాణంలో తేడా వస్తుందంతే. కాల్చిన మాంసం మీదో ఉడికించిన కూర మీదో తినేవారే చివరలో ఉప్పు, మిరియం చల్లుకునే పడమటి దేశాల భోజనపు బల్ల మీద రెండూ పక్కపక్కన నిలబడ్డాయి కనుక రెండింటికీ ఒకే సాధనం అన్న ఆలోచన పుట్టింది. మన విస్తరిలో చివరన చల్లుకోవలసిన ఉప్పు ఓ మూల చిటికెడు వడ్డనగా వస్తుంది. వేళ్ళతో కలుపుకోవడానికి సన్న ఉప్పే హాయి.

మంచి గ్రైండరు కూడా నాసిరకం గింజను బాగుచేయలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, పాడేరు ప్రాంతాల కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలను పాకిస్తారు. కేరళ, కర్ణాటకల నుంచి వచ్చే సరుకుతో పాటు ఆ మిరియమూ మన బజార్లలో దొరుకుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా, ముడతలు దగ్గరగా, గట్టిగా ఉన్న గింజ మంచిది. నీళ్ళలో వేస్తే తేలేవి తాలు గింజలైనా కావచ్చు, కల్తీగా కలిపిన బొప్పాయి విత్తనాలైనా కావచ్చు. వ్యాపారంలో 4.25 మిల్లీమీటర్లు, అంతకు పైబడిన పెద్ద గింజలను తలస్సేరి పేరుతో మేలు రకంగా ఏరుతారు. వాటికి ధరా ఎక్కువే. అయితే చిన్న గ్రైండర్ల గొంతులో ఈ లావు గింజలు అడ్డుపడటం కద్దు. ఖరీదైన మిరియం కొని గ్రైండరును తిట్టుకునేవారిలో కొందరి ఇబ్బంది అక్కడే ఉంటుంది.

పళ్ళే ప్రాణం

మిరియాల గ్రైండరు మన తిరగలికి చిన్న తమ్ముడి వంటిది. కదలని వలయం ఒకటి, దాని నడుమ తిరిగే శంఖువు ఒకటి. శంఖువు పైభాగాన పెద్ద గాళ్ళు గింజను పట్టి లోపలికి లాగి పగలగొడతాయి. కిందిభాగాన సన్న పళ్ళు ఆ ముక్కలను పొడి చేస్తాయి. ఈ రెండంచెల ఏర్పాటు సరిగా ఉంటే కొద్ది తిప్పులకే సమానమైన పొడి వస్తుంది. లేకపోతే సగం నుసి, సగం పలుకు. ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ 1874లో తెచ్చిన మిరియాల మరలో ఉన్నదీ స్థూలంగా ఈ ఏర్పాటే. నేటి గ్రైండర్ల మధ్య తేడాలు పళ్ళు ఏ పదార్థంతో చేశారు, ఎంత పదునుగా చెక్కారు అన్న వాటిలోనే ఎక్కువగా ఉంటాయి.

గట్టిపరిచిన మామూలు ఉక్కు పళ్ళు అన్నింటికంటే పదునైనవి. మిరియాన్ని నలపకుండా కోస్తాయి. ఉప్పు తగిలితే, నీళ్ళతో కడిగితే తుప్పు పడతాయి. మిరియపు గింజలోని తైలం వాటికి కొంత పూతగా పనిచేస్తుంది కాబట్టి పొడిగా వాడుకుంటే డెల్టాలోనూ ఏళ్ళ తరబడి నిలుస్తాయి. స్టెయిన్‌లెస్ పళ్ళు తుప్పును కొంత తట్టుకుంటాయి, పదును కొంచెం తక్కువ. సిరామిక్ పళ్ళకు తుప్పు భయమే లేదు. అవి కోయడం కంటే నలపడం ఎక్కువ చేస్తాయి, కిందపడితే అంచు విరిగే ప్రమాదం ఉంది. తీర ప్రాంతపు ఇంటికి, ముఖ్యంగా సముద్రానికి బాగా దగ్గరలో ఉన్న అంతర్వేది, ఉప్పాడ వంటి చోట్లకు, సిరామిక్ నిశ్చింతైన ఎంపిక. పదును కావాలనుకుని, వస్తువును పొడిగా ఉంచగల ఓపిక ఉన్నవారికి ఉక్కు. ప్లాస్టిక్ పళ్ళతో, గింజలు నింపి అమ్మే సీసాలు మూడో దారి. ఆ పళ్ళు అరిగే కొద్దీ పొడి ముతకవుతుంది. అరిగిన ప్లాస్టిక్ ఎక్కడికి పోతుందో ఊహించడం కష్టం కాదు. పొడి ఎలా వస్తుందో రుచి చూడటానికి అవి పనికివస్తాయి, మళ్ళీ మళ్ళీ నింపుకుని వాడటానికి కాదు.

పళ్ళ తరువాత చూడవలసినది పొడి సన్నదనాన్ని మార్చే అమరిక ఎక్కడుందన్నది. నెత్తిన గుండీలా ఉన్నదాన్ని బిగిస్తే సన్నగా, వదులు చేస్తే ముతకగా నూరే రకం బజారులో ఎక్కువ. తిప్పే చేయి ఒక్కోసారి దాన్నే వదులు చేస్తుంది, గింజలు నింపిన ప్రతిసారీ పాత అమరిక చెదురుతుంది. అమరిక అడుగున విడిగా ఉంటే ఈ చికాకు లేదు. పై తలను అరచేత్తో తిప్పే రకం కంటే పొడుగు పిడి ఉన్న రకానికి తక్కువ బలం చాలు. కీళ్ళ నొప్పులున్న పెద్దవారి చేతికి ఈ తేడా బాగా తెలుస్తుంది. బ్యాటరీతో నడిచేవాటికి చేతిబలం అక్కరలేదు కాని, ఉప్పుగాలికి లోపలి లోహపు పత్రాలు చిలుము పట్టడం వాటికి అదనపు బెడద. వాడని నెలల్లో బ్యాటరీలు తీసి ఉంచాలి.

కొనేముందు, లేదా కొన్న వెంటనే, ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మధ్యరకం అమరికలో పెట్టి, చెంచాడు పొడి రావడానికి ఎన్ని తిప్పులు పడుతున్నాయో లెక్కపెట్టాలి. చెంచాడు మిరియాల పొడి రెండు గ్రాముల చిల్లర మాత్రమే. అది కూడా చెయ్యి నొప్పెట్టేదాకా రాకపోతే ఆ గ్రైండరు నాలుగు రోజుల తరువాత అలమర చేరుతుంది. తరువాత ఆ పొడిని తెల్ల కాగితం మీద పరిచి, అందులో నుసి, పలుకు ఎంతెంత ఉన్నాయో చూడాలి. బయటి కర్ర నునుపుకూ ఈ రెండు ఫలితాలకూ సంబంధం లేదు. ధర మాత్రం చాలాసార్లు ఆ నునుపును బట్టే ఉంటుంది.

వాడకంలో జరిగే పెద్ద పొరపాటు మరిగే గిన్నె మీద గ్రైండరు పట్టుకుని తిప్పడం. కింది నుంచి వచ్చే ఆవిరి చల్లని పళ్ళకు తగిలి నీరవుతుంది, అందులో పొడి కలిసి ముద్దై పళ్ళ సందుల్లో అతుక్కుంటుంది. రెండు మూడు వారాలకు గ్రైండరు నుంచి వాసన కాదు, ముక్కిన వాసన వస్తుంది. పొడిని ముందు పళ్ళెంలోకో అరచేతిలోకో నూరుకుని వేయడం ఇందుకు విరుగుడు. వానాకాలంలో గింజలు కూడా తేమ పీల్చి మెత్తబడతాయి. ఎండిన మిరియంలో తేమ పది పన్నెండు శాతానికి మించితే అది పగలదు, నలుగుతుంది, బూజుకూ లోబడుతుంది. గోరువెచ్చని మూకుడులో ఒక నిమిషం కదిపి, పూర్తిగా చల్లారాక, పదిహేను రోజులకు సరిపడేంతే గ్రైండరులో పోసుకుంటే సరి. వేడి గింజలనే పోస్తే వాటి ఆవిరి లోపలే చెమ్మగా దిగుతుంది. పళ్ళు మురికైతే కడగకుండా, వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు వేసి నూరితే ముద్ద ఊడి వస్తుంది.

రోలు, మిక్సీ, గ్రైండరు

గోదావరి జిల్లాల వంటలో మిరియం వాడకం మూడు తీరులు. చారుకు మిరియాలు, జీలకర్ర కలిపి కచ్చాపచ్చాగా దంచాలి. పొంగలికి గింజలు అలాగే, లేదా సగానికి విరిగి, నేతిలో వేగాలి. రొయ్యల వేపుడు, కోడి వేపుడు, గుడ్డట్టు వంటివాటికి దించేముందు సన్న పొడి పడాలి. మొదటి రెండింటికీ చిన్న రోలో కల్వమో చాలు. పలుకు పలుకుగా దంచడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. జీలకర్ర, వెల్లుల్లి కూడా అందులోనే నలుగుతాయి, గ్రైండరులో అవి ఇరుక్కుంటాయి. మిక్సీ గుప్పెడు గింజలకు మంచిదే కాని చెంచాడు గింజలు దాని బ్లేడుకు అందవు. అందేంత వేస్తే జారు వేడెక్కి మొదటి నష్టం వాసనకే కలుగుతుంది, మిగిలిన పొడి డబ్బాలో పాతబడుతుంది. గ్రైండరు నిజంగా అక్కరకు వచ్చేది మూడో తీరుకే. వారానికి రెండు మూడుసార్లైనా ఆ తీరు వంట లేని ఇంట్లో దాని మీద పెట్టే డబ్బు అలంకారానికి పెట్టినట్టే లెక్క.

ఇప్పటికే జంట కొన్నవారికి

జంట గ్రైండర్లలో చాలావాటికి ఉప్పు పక్కన సిరామిక్ పళ్ళు ఉంటాయి, కొన్నింటిలో రెండింటికీ అవే. ఉప్పు ఇరుక్కున్న గ్రైండరును పారేయనవసరం లేదు. పళ్ళు సిరామిక్ అని తేల్చుకున్నాక గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే గడ్డ కరిగిపోతుంది. రెండు రోజులు మంచి ఎండలో, విడి భాగాలుగా, ఆరబెట్టి మళ్ళీ బిగించవచ్చు. ఉక్కు పళ్ళైతే నీళ్ళు తగలనివ్వకుండా గడ్డను పుల్లతో పొడిచి రాల్చి, పొడి కుంచెతో దులపడమే మార్గం. అలా ఖాళీ అయిన రెండో గ్రైండరులో దోరగా వేయించి చల్లార్చిన ధనియాలు బాగా నలుగుతాయి. వాటి వాసన కూడా మిరియం లాగే నూరిన తరువాత త్వరగా తరిగేదే. జీలకర్ర మాత్రం వేయకూడదు. దాని పొడుగు గింజ గాళ్ళలో అడ్డం తిరిగి కూర్చుంటుంది.